పనిచోటి పిలుపు: ఆరుబయటి పనులకు వాకీటాకీల నెన్నుకొను విధము



అంగడిలో బిందె కొనునపుడు మనము దాని మెఱుగును మాత్రము చూచి సంతసింపము. వ్రేలితో తట్టి నాదమును విందుము. అడుగును తడవి మందమును తెలిసికొందుము. నీరు పోయించి కారునో లేదో చూతుము. అమ్మువాని మాట యెంత తీయనిదైనను మన వ్రేలు చెప్పినదే మనకు ప్రమాణము. ఈ వివేకము వంటయింటితో ముగియవలసినది కాదు. కట్టడములు, రాతిగనులు, సౌరవిద్యుత్ క్షేత్రములు మున్నగు ఆరుబయటి పనిచోట్ల మనుష్యుల ప్రాణములకు కావలియై యుండు వాకీటాకీలను కొనునపుడు సయితము ఈ వివేకమే కావలసియున్నది.

ఇది మగవారి వ్యవహారము కదా, గృహిణుల పత్రికలో దీనికేమి పనియని కొందఱనవచ్చును. ఆ మాట నేడు చెల్లదు. మన యాడుబిడ్డలు ఇంజనీర్లై కట్టడములకడ నిలిచి పని చేయించుచున్నారు. గుత్తలు పట్టి పనులు నడపు స్త్రీలును గలరు. వీరికంటె నెంతయో యెక్కువమంది, తట్టలు మోయుచు, ఇటుకలందించుచు, ఎండలో నిలుచు కూలిస్త్రీలు గలరు. కొనువారిలోను, వాడువారిలోను, ఆ యంత్రము పలుకకపోయినచో నష్టపడువారిలోను స్త్రీలున్నపుడు, దీనినిగూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట మనకు తగని పని కాదు.

సెల్లుఫోను చాలదా?

వాకీటాకీ యనగా చేతబట్టి తిరుగదగిన రెండువైపుల రేడియో. బొత్తాము నొక్కినపుడు మాటలాడవచ్చును, విడిచినపుడు వినవచ్చును. ఇది పుట్టినదే ఆరుబయటి పనులకొఱకు. కెనడా దేశమున ఒక గనుల సంస్థలో పనిచేయుచుండిన డొనాల్డ్ హింగ్స్ అనునాతడు 1937లో ఇట్టి యంత్రమొకటి నిర్మించెను. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము దీనిని పెంచినది. 1943లో అమెరికా సైనికులు వీపున మోసిన రేడియో సుమారు 15 కిలోల బరువుండెను. నేటిది అఱకిలోకు లోబడి అఱచేతిలో నిముడుచున్నది.

చేతిలో సెల్లుఫోనుండగా ఇదియేల యని యడుగుట సహజమే. మా యింటి యెదుట ఐదంతస్తుల కట్టడమొకటి లేచినపుడు మేము దినదినమును దానిని చూచుచుంటిమి. అచ్చటి మేస్త్రీలు సెల్లుఫోనులతోనే పని నడపిరి. పైవాడు పిలిచినపుడు క్రిందివానికి మిక్సరు రొదలో మ్రోత వినబడదు. వినబడినను చేతులకు సిమెంటు. అద్దముపై వ్రేలు జరుపుటకు వీలుండదు. ఎత్తి వినునప్పటికి చెప్పవలసిన క్షణము దాటిపోవును. పై నుండి దిగుచున్న తొట్టిని కడగంట చూచి, తట్టలు విడిచి ప్రక్కకు పరుగెత్తిన స్త్రీలను మేము రెండు మూడు మాఱులు కన్నులార చూచితిమి. దైవవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. భద్రతను దైవవశమునకు విడుచుట గుత్తేదారు ధర్మము కాదు.

ఫోను ఒకనిని పిలుచును. వాకీటాకీ ఒక్క నొక్కుతో ఆ ఛానెలునందున్న వారినందఱను పిలుచును. అంకెలు నొక్కనక్కఱలేదు, ఎత్తనక్కఱలేదు, ఊరికి దూరమైన గనులలో ఫోను టవరు అందకపోయినను ఇది పలుకును. దీని ప్రయోజనమంతయు ఈ వేగమునందే యున్నది.

మాట తెగినచో

ద్రోణపర్వకథ మనకందఱకును తెలిసినదే. అశ్వత్థామ యను పేరుగల యేనుగు చచ్చినదని ధర్మరాజు పలికెను. ఏనుగను మాట మాత్రము ద్రోణునకు వినబడలేదు. చెవినబడని యొక్క పలుకుచేత చెవినబడినదంతయు అసత్యమై, ఆచార్యుడు అస్త్రసన్న్యాసము చేసెను.

పనిచోట ఇట్టి యపాయము ప్రతిదినమును పొంచియుండును. బొత్తాము నొక్కిన తోడనే యంత్రము మాటను పంపుటకు సిద్ధపడదు. దానికి క్షణమాత్రము పట్టును. తొందరపడి పలికినచో తొలి యక్షరములు తెగును. మాట పూర్తికాక మునుపే బొత్తాము విడిచినచో తుది యక్షరములు తెగును. మన తెలుగునందు నిషేధము క్రియ తుదను వచ్చునను సంగతి ఇచ్చట స్మరింపవలెను. ‘దించు’ అనుటకును, ‘దించకు’ అనుటకును భేదము తుదినున్న యొక్క యక్షరమే. ‘ఎత్తవద్దు’ అనుదానిలో ‘వద్దు’ తెగినచో మిగులునది ఎత్తుమనుటకు దగ్గఱగా వినబడును. క్రేను నడపువానికి ఈ భేదము తెలియకపోయినచో క్రింద నిలిచినవారి గతి యేమి?

కావున ‘నొక్కి, క్షణమాగి, పలుకుడు’ అని సాధారణముగా నేర్పు పాఠము తెలుగువారికి చాలదు. ‘పలికి, క్షణమాగి, విడువుడు’ అని కూడ నేర్పవలెను. అంతకంటె మేలైన పద్ధతి నిషేధవాక్యమునే మానివేయుట. ఆపవలసినపుడు ‘ఆపు’ అను నొక్కమాటయే రెండు మూడు సారులు పలుకవలెను. ఆ మాటను మఱి దేనికిని వాడకూడదు.

దీనినిబట్టి కొనుగోలునందలి మొదటి పరీక్ష తేలుచున్నది. యంత్రమును అంగడిలో పరీక్షింపకుడు, పనిచోటికి తెప్పించుడు. మిక్సరు తిరుగుచుండగా, రాతిపొడి లేచుచుండగా, ఒకరు చివరి మూలకు పోయి ‘దించు’, ‘దించకు’ అను రెండు మాటలను ఇష్టము వచ్చిన వరుసను పదిసారులు పలుకవలెను. ఇవతలివారు విన్నది కాగితమున వ్రాసికొనవలెను. పదికి పదియు సరిపోయినచో ఆ యంత్రము తీసికొనదగినది. తొమ్మిదే సరిపోయినచో, పదియవమాట యెవరి తలపై పడునో యాలోచించుకొనుడు. బిందెను తట్టి వినుట యన్న నిదియే.

ఈ పరీక్షలో నెగ్గుటకు యంత్రము బిగ్గఱగా పలుకవలెను. బిగ్గఱగా పలుకుచు బొంగురుపోకుండవలెను. చుట్టునున్న రొదను అణచి మాటను మాత్రము పంపు నేర్పు కలదై యుండవలెను. నేటి డిజిటల్ యంత్రములలో పెక్కిటికి ఈ నేర్పు కలదు. అయితే వానికొక స్వభావమున్నది. పాత అనలాగు యంత్రము దూరము పెరిగినకొలది బుసకొట్టుచు మెల్లగా క్షీణించును. వినువానికి ముందుగా హెచ్చరిక కలుగును. డిజిటల్ యంత్రము హద్దువఱకు స్వచ్ఛముగా పలికి, హద్దు దాటినంతనే మూగవోవును. కావున డిజిటల్ కొనువారు ఆ హద్దెచ్చటనున్నదో నడచి చూచి గుఱుతు పెట్టుకొనవలెను. అనలాగు, డిజిటల్ యంత్రములను కలగలపి కొన్నచో, రెండు విధములను పలుకగలవి తప్ప, ఒకదానిమాట మఱియొకదానికి తెలియదు.

పెట్టెమీది దూరము

అట్టపెట్టెమీద ‘30 కిలోమీటర్లు’ అని పెద్దయక్షరములతో నుండుట కలదు. అది అసత్యమని యనజాలము. ఒకడు కొండశిఖరమునను మఱియొకడు ఎదుటి శిఖరమునను నిలిచినచో సత్యమే. నేలమీది లెక్క వేఱు. భూమి గుండ్రనిది. ఇద్దఱు మనుష్యులు చదునైన నేలపై నిలిచి, యంత్రములను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టుకొన్నచో, భూమి వంపే సుమారు 10 కిలోమీటర్లకడ అలలకు అడ్డు వచ్చును. చెట్లు, గోడలు, మిట్టలు ఉన్నచో ఆ దూరము మఱింత తగ్గి రెండు మూడు కిలోమీటర్లకు దిగుట సామాన్యము. శక్తిని రెట్టింపు చేసినంత మాత్రమున దూరము రెట్టింపు కాదు. ఏంటెన్నాను ఎత్తున నిలుపుటయే ఎక్కువ ఫలమిచ్చును.

ఈ యంత్రములు ముఖ్యముగా రెండు జాతులవి. 136 మొదలు 174 మెగాహెర్ట్జుల వఱకు పలుకునవి వి.హెచ్.ఎఫ్. అనియు, 400 మొదలు 470 వఱకు పలుకునవి యు.హెచ్.ఎఫ్. అనియు వ్యవహారము. మావారు బడిపిల్లలకు తరంగములను బోధించునపుడు, మొదటిదాని యల సుమారు రెండు మీటర్ల పొడవనియు, రెండవదాని యల మీటరులో మూడింట రెండు వంతులనియు నేలపై సుద్దతో గీచి చూపుచుందురు. చిన్న యల తలుపుసందులలో, కిటికీలలో, ఇనుపచువ్వల నడుమ దూఱిపోగలదు. కావున కాంక్రీటు కట్టడములకు యు.హెచ్.ఎఫ్. తగినది. పెద్ద యల మిట్టపల్లములున్న బయలున కొంత యెక్కువ దూరము సాగును.

కర్నూలు ప్రాంతమున 2017లో నెలకొన్న సౌరవిద్యుత్ క్షేత్రము సుమారు 5,900 ఎకరముల మేర పఱచుకొనియున్నది. అట్టి బయళ్లలో వి.హెచ్.ఎఫ్. యంత్రములు రాణించును. చీమకుర్తి గ్రానైటు గనులవంటి లోతైన గుంటలలో ఏ జాతి యంత్రమైనను రాతిగోడకు తగిలి ఆగిపోవును. గుంట యొడ్డున ఎత్తైన స్తంభముపై, మాటను అందుకొని మరల పలికించు రిపీటరు నిలుపవలెను. లేనిచో ఒడ్డున నొక మనిషిని నిలిపి మాటను చేతులు మార్పింపవలెను. ఒక పనిచోటికి ఒకే జాతి యంత్రములను కొనవలెను, వి.హెచ్.ఎఫ్. మాట యు.హెచ్.ఎఫ్. వినదు.

దుమ్ము, నీరు, దెబ్బ

యంత్రముపైనున్న ఐ.పి. యను గుఱుతు ప్రక్కన రెండంకెలుండును. మొదటిది దుమ్మునుగూర్చి, రెండవది నీటినిగూర్చి. దుమ్మునకు 6 అన్నిటికంటె ఎక్కువది. దుమ్ము చొరనేరదని దాని యర్థము. నీటికి 4 అన్నచో తుంపరలకు తాళునని, 7 అన్నచో ఒక మీటరు లోతు నీటిలో అఱగంట మునిగినను చెడదని యర్థము. కావున సిమెంటు ధూళియు, వానయు గలచోట 67 గుఱుతు గలదానిని అడుగుడు. 54 చవుక; అది కార్యాలయములకు చాలును గాని తొలకరి జల్లులకు చాలదు. ఇంకొక సూక్ష్మమున్నది. నీటిలో మునిగినను చెడనిది గొట్టపు ధారకు తాళునని నమ్మరాదు. ధారతో కడుగు పనిచోట్లకు 66 గుఱుతు కూడ ఉండవలెను. ఎంత మంచి గుఱుతైనను, ఛార్జింగు రంధ్రముపైని రబ్బరు మూత ఊడినచో వ్యర్థమే.

‘సైనిక ప్రమాణము’ అని చెప్పి అమ్మువారును గలరు. అమెరికా సైన్యమువారి 810 సంఖ్యగల పరీక్షావిధానమును వారు చెప్పుచుందురు. అది పెక్కు పరీక్షల సంపుటము. వేడి, వాన, ఇసుకగాలి, అదురు, పతనము మున్నగునవి వేఱువేఱు. వానిలో కొన్నిటినే జరిపి ఆ పేరు పెట్టుకొనువారుందురు; ముద్రవేసి యిచ్చు అధికారసంస్థ వేఱుగా లేదు. కావున ‘ఏయే పరీక్షలు జరిగినవి?’ అని యడిగి వ్రాతలో తీసికొనుడు. ఆ విధానమునందలి పతనపరీక్ష ఎత్తు 122 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు నడుమెత్తు. మూడవ యంతస్తునుండి జాఱిన యంత్రమునుగూర్చి అది యేమియు చెప్పదు. అట్లు జాఱినది పగులునో లేదో యనుటకంటె, ఎవరి తలపై పడునో యనుటయే ముఖ్యము. ఎత్తున పనిచేయువారి యంత్రమునకు గట్టి త్రాడు కట్టి దేహమునకు బిగించుట తప్పనిసరి చేయవలెను.

బ్యాటరీ సంగతి

‘పండ్రెండు గంటలు వచ్చును’ అన్న మాటవెనుక ఒక లెక్క దాగియుండును. నూటికి 5 వంతులు పలుకుట, 5 వంతులు వినుట, 90 వంతులు ఊరకుండుట అని యెంచి ఆ గంటలను చెప్పుదురు. క్రేను నడపించువాడు అంత మౌనముగా నుండడు. పలుకునపుడే బ్యాటరీ యెక్కువగా తఱుగును గనుక, అతని యంత్రము మిట్టమధ్యాహ్నము దాటిన పిమ్మట మూగవోవచ్చును. ప్రతి యంత్రమునకు రెండవ బ్యాటరీ కొనుట వృథావ్యయము కాదు.

మన రెంటచింతల, రామగుండముల యెండలు ప్రసిద్ధములు. నేటి లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయుట సాధారణముగా కూడదు. రేకుల పాకలో మే నెల మధ్యాహ్నము అంతకంటె వేడి యుండును. ఛార్జరులను నీడగల గదిలో, గాలి యాడుచోట నుంచి రాత్రివేళ ఛార్జి చేయుట మేలు.

చేతికి, చీరకు

యంత్రమును చేయించినవారు వాడువాని నడుమునకు తోలుపట్టీ యుండునని తలంచి దాని వెనుక కొక్కెము బిగించిరి. మన కూలిస్త్రీలకు, పలువురు స్త్రీ మేస్త్రీలకు పట్టీ లేదు. చీరపైని వదులుచొక్కా జేబులో పెట్టినచో వంగినపుడు జాఱును. కొంగున ముడివేసినచో బొత్తాము తనంతట నొక్కుకొని ఛానెలునంతయు మూసివేయును. కావున భుజముమీదుగా ఱొమ్మున బిగించు పట్టీలను యంత్రముతోపాటు అడిగి కొనవలెను. త్రిప్పెడు గుండీలు పెద్దవై, చేతొడుగులతో పట్టుకొన్నను చూడకయే త్రిప్పదగినవై యుండవలెను. పలుకు బొత్తాము తడిచేతికి జాఱకుండవలెను. ఆపదలో నొక్కవలసిన వేఱు బొత్తాము గలవి దొరకుచున్నవి. ఒంటరిగా కావలియుండువారికి అట్టివి ఇయ్యవలెను. పడిపోయి కదలకున్నచో తనంతట కేకవేయు యంత్రములు కూడ గలవు.

ఎచ్చట పలుకరాదు? ఎట్లు కొనరాదు?

రాతిని పేల్చుచోట ఇది మిత్రమే శత్రువగును. విద్యుత్తుతో పేలు డిటొనేటర్ల తీగెలు రేడియో శక్తిని గ్రహింపగలవు. దగ్గఱనుండి పలికినచో వేళకు ముందే పేలు ప్రమాదము గలదు. ప్రేలుడు పనికి బాధ్యుడైనవాని యనుమతి లేక ఆ హద్దులోనికి పలుకు యంత్రమును తీసికొని పోరాదు. పెట్రోలు, గ్యాసు ఆవిరులుండుచోట్లకు నిప్పురవ్వ పుట్టనట్లు ప్రత్యేకముగా నిర్మించి పరీక్షించిన యంత్రములే తగును. మామూలువి ఎంత గట్టివైనను పనికిరావు.

మన దేశమున 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జుల నడుమ అల్పశక్తితో పలుకు వాకీటాకీలకు 2018 నాటి నియమములను బట్టి లైసెన్సు అక్కఱలేదు. ఇవి చిన్న కట్టడములకు చాలును. అంతకు మించినవానికి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ యొక్క వైర్‌లెస్ విభాగమువారినుండి లైసెన్సు పొందవలెను. ఇంటర్నెట్టు అంగళ్లలో ఈ సంగతి చెప్పక అమ్ముచుండుటచేత, 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థవారు మార్గదర్శకములు ప్రకటించిరి. ఏ పౌనఃపున్యమున పలుకునో, లైసెన్సు కావలెనో లేదో, ఆమోదపత్రము కలదో లేదో అమ్మువాడు చెప్పవలెను. చవుకయని పేరులేనిదానిని కొని ఇతరుల ఛానెలులలో చొఱబడినచో, పోలీసువారి పిలుపునకో, ఆపదలోనున్నవారి పిలుపునకో మనమే అడ్డము వచ్చినవారమగుదుము.

పలుకు మర్యాద

కిష్కింధాకాండమున హనుమంతుడు తొలిసారి వచ్చి పలికినపుడు, శ్రీరాముడు ఆతని బలమును గాక వాక్కును మెచ్చుకొనెను. సాగదీయక, సందేహము మిగుల్పక, హెచ్చుతగ్గులు లేని మధ్యమస్వరమున పలికెనని లక్ష్మణునితో చెప్పెను. వాకీటాకీ చేతబట్టువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు. కేక వేసినచో మాట బ్రద్దలగును, గొణిగినచో అందదు. ముందు ఎవరిని పిలుచుచున్నామో వారి పేరు, పిమ్మట తన పేరు, ఆ పిమ్మట పని చెప్పవలెను. విన్నవాడు ‘సరే’ యని ఊరకొనక, విన్నదానిని తిరిగి యప్పగింపవలెను. అపుడే తెగిన మాట బయటపడును. క్రేనునకు వేఱు ఛానెలు నుంచి, అందు పరిహాసములు, కాఫీ పిలుపులు సాగనీయరాదు. కంటికి కానరాని బరువును దించునపుడు చెవికి మాట అందుట మానినచో, క్రేను అక్కడికక్కడ నిలిచిపోవలెను. మౌనము అంగీకారమను సామెత ఇచ్చట పనికిరాదు. ఇచ్చట మౌనమనగా ఆపుమని యర్థము.

ఇక కడపటి ప్రశ్న: కొన్న యంత్రములు ఎవరిచేతికి పోవలెను? సామాన్యముగా ఇంజనీరునకు నొకటి, సూపర్వైజరునకు నొకటి, మేస్త్రీకి నొకటి పంచిన పిమ్మట డబ్బు ముగియును. బరువు ఎవరి తలమీదుగా పోవుచున్నదో ఆ గుంపులో మాత్రము ఒక్కటియు నుండదు. తట్టలు మోయు గుంపునకు నాయకురాలగు స్త్రీకి ఒక యంత్రమిచ్చి, రెండు పూటలు నేర్పి, ‘ఆపు’ అని పలుకు అధికారమును ఆమెకు కూడ ఇయ్యవలెను. పై నున్నవానికి కనబడనిది ఆమెకు కనబడును.

గుత్తలు పట్టు సోదరీమణులు, ఇంజనీర్లైన కుమార్తెలు, ఇల్లు కట్టించుకొను గృహిణులు పై పరీక్షలతోపాటు ఈ ప్రశ్నను కూడ అడుగుదురుగాక. ఎంత గట్టి యంత్రమైనను, దానిమాట ఎవరికి ముందుగా చేరవలెనో వారికి చేరనపుడు, అది పగిలిన బిందెతో సమానమే.